కాంతిని ఏదీ దాటలేదంటే, గెలాక్సీలు ఎలా దాటుతున్నాయి?

తిరుపతిలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "కాంతి కన్నా వేగంగా ఏదీ పోలేదని ఇంటర్ నుంచీ చదువుతున్నాం. దూరపు గెలాక్సీలు మాత్రం కాంతి కన్నా వేగంగా మనకు దూరమవుతున్నాయంటారు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లయితే 4,650 కోట్ల కాంతి సంవత్సరాల దూరం దాకా ఎలా కనబడుతుంది? అన్నీ ఇలా దూరమైపోతుంటే, ఆలస్యం చేసేకొద్దీ నక్షత్రాలకు వెళ్లే అవకాశం చేజారిపోతున్నట్టే కదా? కాంతి వేగానికి దగ్గరగా పోయే నౌకలో వాళ్లకు కాలం నెమ్మదిగా నడుస్తుందన్నది నిజంగా రుజువైందా?"

ఈ ప్రశ్నల్లో మూడు వేర్వేరు కొలతలు కలగలిసిపోయాయి. ఒక వస్తువు ఇంకో వస్తువు పక్కనుంచి ఎంత వేగంగా దూసుకుపోతుంది అన్నది ఒకటి. రెండు గెలాక్సీల మధ్య దూరం సెకనుకు ఎంత పెరుగుతోంది అన్నది రెండోది. నౌకలో ఉన్న గడియారం ప్రకారం ప్రయాణానికి ఎంత పడుతుంది అన్నది మూడోది. కాంతి వేగం హద్దు మొదటిదానికే వర్తిస్తుంది. ఇక నక్షత్రాలకు వెళ్లడానికి విశ్వవ్యాకోచం అడ్డం రావడం లేదు. అడ్డం వస్తున్నది ఇంధనం. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే మిగతా గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

కాంతి వేగం సెకనుకు 2,99,792.458 కి.మీ. 1983 నుంచి ఈ అంకెను స్థిరంగా నిర్ణయించి, మీటరు పొడవునే దీన్నుంచి నిర్వచిస్తున్నారు. మనకు దగ్గర్లో గాదంకిలో ఉన్న వాతావరణ పరిశోధన రాడార్ రోజూ పనిచేసేది ఈ అంకె మీదే. అది 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపుతుంది. రేడియో తరంగమూ కాంతే కాబట్టి మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. వెళ్లి తిరిగి రావాలి గనక ప్రతిధ్వని ఒక్క మైక్రోసెకను ఆలస్యమైతే, అది 150 మీటర్లు ఎక్కువ ఎత్తు నుంచి వచ్చినట్టు. 15 కి.మీ. ఎత్తులో ఉన్న గాలి పొర నుంచి 100 మైక్రోసెకన్లకు ప్రతిధ్వని అందుతుంది.

హద్దు అంటే ఏమిటో ఒక లెక్కతో చూడండి. ఒక నౌక కాంతి వేగంలో 0.75 వంతుతో పోతూ, తనలోంచి ముందుకు ఇంకో చిన్న నౌకను మళ్లీ 0.75 వంతుతో వదిలిందనుకుందాం. మామూలు కూడిక ప్రకారం 1.5 రావాలి. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఆ 1.5ను 1 + 0.75 × 0.75తో, అంటే 1.5625తో భాగించాలి. వచ్చేది 0.96. ఎన్నిసార్లు ఇలా పేర్చినా ఒకటి దాటదు. వేగంతో పాటు ద్రవ్యరాశి పెరిగిపోతుంది కాబట్టి దాటలేం అని కొన్ని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ వివరణ వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. నౌకలో కూర్చున్నవాళ్ల బరువు ఏమీ పెరగదు, వాళ్లకు తేడా తెలియదు. వేగాలు కూడే తీరే అలాంటిది.

అయితే ఈ కూడిక పక్కపక్కనే ఉన్న వస్తువులకు, ఎక్కడికక్కడ వర్తించేది. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న గెలాక్సీతో మన వేగాన్ని పోల్చడానికి దాన్ని వాడకూడదు, ఎందుకంటే మధ్యలో ఉన్న దూరమే పెరుగుతోంది.

అలిపిరి కాలిదారిలో 3,550 మెట్లున్నాయి. మీరు సెకనుకు ఒక మెట్టు చొప్పున ఎక్కుతున్నారు. అదే సమయంలో దారి పొడవునా మెట్ల మధ్య కొత్త మెట్లు పుట్టుకొస్తున్నాయి, ప్రతి వెయ్యి మెట్లకూ సెకనుకు ఒకటి. ముందు 500 మెట్ల దూరంలో కూర్చున్న మనిషి సెకనుకు అర మెట్టు చొప్పున దూరమవుతాడు. అతన్ని మీరు చేరుకుంటారు. 1,000 మెట్ల దూరంలో ఉన్నవాడికీ మీకూ మధ్య దూరం తగ్గదు, పెరగదు. చిట్టచివరి మెట్టు సెకనుకు మూడున్నర మెట్లు చొప్పున దూరమవుతుంది. అక్కడి మనిషి కూర్చున్నచోటి నుంచి కదల్లేదు, ఎవరూ ఎవరినీ దాటిపోలేదు. దూరపు గెలాక్సీలు కాంతిని మించి దూరమవుతున్నాయంటే అర్థం ఇదే.

ఇదే లెక్కలో ఇంకో రెండు సంగతులున్నాయి. మీరు దాటి వచ్చేసిన మెట్ల మధ్య కూడా కొత్తవి పుడుతున్నాయి. కాబట్టి వెయ్యి సెకన్లు నడిచాక, బయల్దేరిన చోటు వెయ్యి మెట్ల కన్నా చాలా దూరంలో ఉంటుంది. విశ్వం వయసుకూ, కనిపించే విశ్వం వ్యాసార్థానికీ పొంతన కుదరనట్టు అనిపించడానికి కారణం ఇదే. రెండోది, కొత్త మెట్లు పుట్టే జోరు కాలంతో తగ్గితే, ఇప్పుడు మీరు చేరలేననుకున్న మనిషి రేపు అందుబాటులోకి రావచ్చు. వెయ్యికి ఒకటి అన్నది రెండు వేలకు ఒకటిగా మారితే, 1,500 మెట్ల దూరంలో ఉన్నవాడు కూడా మీ నడకకు దొరుకుతాడు. విశ్వం చరిత్రలో చాలాకాలం జరిగింది ఇదే. అందుకే, కాంతి బయల్దేరినప్పుడే మన నుంచి కాంతిని మించిన వేగంతో దూరమవుతున్న గెలాక్సీలు కూడా ఇవాళ మనకు కనబడుతున్నాయి.

ఇప్పుడు అసలు అంకెలు. మెగాపార్సెక్ అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. ఒక్కో మెగాపార్సెక్ దూరానికి సెకనుకు దాదాపు 70 కి.మీ. చొప్పున దూరం పెరుగుతోంది. ప్లాంక్ ఉపగ్రహం చూసిన ఆదిమ కాంతి నుంచి లెక్క కడితే 67.4 వస్తుంది, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ నక్షత్రాలు, పేలిపోయే నక్షత్రాలైన సూపర్‌నోవాలతో మెట్టు మీద మెట్టుగా కొలిస్తే 73 దగ్గర వస్తుంది. ఈ తేడా ఇంకా తేలలేదు. చేతి లెక్కకు 70 చాలు. కాంతి వేగాన్ని 70తో భాగిస్తే సుమారు 4,280 మెగాపార్సెక్‌లు, అంటే దాదాపు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలు. అంతకన్నా దూరంగా ఉన్న ప్రతి గెలాక్సీ ఈ క్షణాన కాంతిని మించిన వేగంతో దూరమవుతోంది.

మనం చూడగలిగిన అత్యంత పాత కాంతి, విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసున్నప్పటిది. అది బయల్దేరిన చోటు అప్పట్లో మనకు 4.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. ఆ కాస్త దూరం దాటడానికి దానికి 1,380 కోట్ల ఏళ్లు పట్టింది. ఈలోగా దూరాలన్నీ 1,090 రెట్లు సాగాయి. 4.2 కోట్లను 1,090తో గుణించండి, 4,600 కోట్ల దగ్గరికి వస్తారు. మీరడిగిన అంకె దాదాపు అదే.

పత్రికల్లో వచ్చే దూరాలు చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూసిన జేడ్స్ జీఎస్ జెడ్14-0 అనే గెలాక్సీని తీసుకుందాం. దాని కాంతి మన దగ్గరికి రావడానికి 1,350 కోట్ల ఏళ్లు పట్టింది. కాంతి బయల్దేరినప్పుడు అది మనకు 220 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉండేది. ఇప్పుడు సుమారు 3,400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. వార్తల్లో ఎక్కువగా మొదటి అంకెనే "దూరం" అని రాసేస్తారు. అది ప్రయాణకాలం. ఈ మూడింట్లో ఏది చెబుతున్నారో రాయకపోతే ఆ అంకెతో ఏ లెక్కా వేయొద్దు.

అరుణ విస్థాపన, అదే రెడ్‌షిఫ్ట్, నుంచి దూరం లెక్కించడం మీరే చేసుకోవచ్చు. హైడ్రోజన్ ఎరుపు గీత ప్రయోగశాలలో 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక గెలాక్సీ వర్ణపటంలో అది 662.9 దగ్గర కనబడిందనుకోండి. తేడా 6.6. దాన్ని 656.3తో భాగిస్తే 0.01. కాంతి వేగంతో గుణిస్తే సెకనుకు 3,000 కి.మీ. 70తో భాగిస్తే 43 మెగాపార్సెక్‌లు, అంటే 14 కోట్ల కాంతి సంవత్సరాలు. ఈ పద్ధతి రెండు చోట్ల తప్పుతుంది. విస్థాపన 0.1 దాటితే ఈ సూటి గుణకారం చెల్లదు. జెడ్14-0కి విస్థాపన 14 పైచిలుకు కాబట్టి అది కాంతికి 14 రెట్ల వేగంతో పోతోందని రాస్తే తప్పు. ఆ అంకెకు సరైన అర్థం, కాంతి బయల్దేరాక దూరాలు 15 రెట్లు సాగాయని. రెండో తప్పు మరీ దగ్గరి గెలాక్సీలతో వస్తుంది. ప్రతి గెలాక్సీకి సెకనుకు కొన్ని వందల కి.మీ. సొంత కదలిక ఉంటుంది. వ్యాకోచ వేగం 900 కి.మీ. ఉన్నచోట 400 కి.మీ. సొంత కదలిక కలిస్తే దూరం దాదాపు సగం తప్పుతుంది. మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా మరీ ఘోరం, అది సెకనుకు 300 కి.మీ. చొప్పున సూర్యుడి వైపే వస్తోంది. సూత్రంలో పెడితే దూరం రుణ సంఖ్యగా వస్తుంది.

ఆండ్రోమెడా ఎందుకు దగ్గరవుతోంది అన్నది మీ మూడో ప్రశ్నకు నేరుగా జవాబు. వ్యాకోచం గెలాక్సీల గుంపులకూ గుంపులకూ మధ్య జరుగుతుంది. గురుత్వాకర్షణ పట్టి ఉంచిన దేన్నీ అది సాగదీయదు. సౌరకుటుంబం సాగడం లేదు, పాలపుంత సాగడం లేదు, పాలపుంత, ఆండ్రోమెడా ఉన్న మన స్థానిక గుంపు కూడా సాగడం లేదు.

ఒకవేళ సాగుతుందనే అనుకుని లెక్కేసినా ఎంతొస్తుంది? మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే 1.3 పార్సెక్‌లు. మెగాపార్సెక్‌కు 70 కి.మీ. అయితే 1.3 పార్సెక్‌లకు సెకనుకు 9 సెంటీమీటర్లు. మనిషి నడకలో పదో వంతు కూడా లేదు. ఆ నక్షత్రం మాత్రం సొంత కదలికతో సెకనుకు 22 కి.మీ. చొప్పున మనకు దగ్గరవుతోంది. దాని జత ఆల్ఫా సెంటారీ ఇంకో 27,000 ఏళ్ల చుట్టూ 3 కాంతి సంవత్సరాల దగ్గరికి వచ్చి, ఆ తరవాత మళ్లీ దూరమవుతుంది. ఆలస్యం చేస్తే చేజారేది పొరుగు నక్షత్రాలు కావు.

ఆల్ఫా సెంటారీని తిరుపతి నుంచే కంటితో చూడొచ్చు. మే నెలాఖరులో రాత్రి 10:30 చుట్టూ సరిగ్గా దక్షిణ దిక్కున, దిగంతం నుంచి 15 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, చేయి చాచి పట్టుకుంటే పిడికిలిన్నర ఎత్తు. కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి గనక అవి అడ్డం రావు. ఊరి వెలుతురు, దుమ్ము మాత్రం అడ్డమే, కాబట్టి ఊరు దాటి దక్షిణం వైపు ఖాళీగా ఉన్న చోటు చూసుకోండి. పక్కపక్కన రెండు ప్రకాశవంతమైన చుక్కలు కనబడతాయి. ఎడమ పక్కది, కాస్త పసుపుగా ఉన్నది, ఆల్ఫా. కుడి పక్కది బీటా. ఆల్ఫా నుంచి కాంతి నాలుగేళ్ల కిందట బయల్దేరింది, బీటా నుంచి దాదాపు 390 ఏళ్ల కిందట. ప్రాక్సిమా కంటికి ఆనదు, దానికి టెలిస్కోప్ కావాలి. ఆండ్రోమెడాకు నవంబరు మంచి నెల అని పుస్తకాల్లో ఉంటుంది గానీ మన వైపు అది ఈశాన్య రుతుపవనాల వానాకాలం. డిసెంబరు ఆఖరి వారంలో చీకటి పడగానే ఉత్తరం వైపు 60 డిగ్రీల ఎత్తున వెతకండి. హార్స్‌లీ హిల్స్ లాంటి చీకటి చోటయితే చిన్న మసక మచ్చలా కంటికే దొరుకుతుంది.

వ్యాకోచం నిజంగా చేజార్చేది వేరే ఉంది. 1998లో సూపర్‌నోవాల పరిశీలనతో వ్యాకోచం వేగం పుంజుకుంటోందని తేలింది. దాని ఫలితంగా, ఇవాళ ఒక కాంతి కిరణాన్ని పంపితే అది ఎన్నటికైనా చేరగలిగేది ఇప్పుడు సుమారు 1,650 కోట్ల కాంతి సంవత్సరాల లోపు ఉన్నవాటికే. కనిపించే విశ్వం వ్యాసార్థం 4,650 కోట్లు. 1,650ని 4,650తో భాగించి ఘనం చేస్తే 0.045. కనిపించే విశ్వంలో నూటికి 95 వంతులు ఇప్పటికే ఏ సంకేతానికీ అందవు. ఇది బాధాకరమైన నిజమే. ప్రయాణం గురించి ఆలోచించేవాళ్లకు మాత్రం స్థానిక గుంపు అందుబాటులోనే ఉంటుంది, ఒక్క పాలపుంతలోనే పదివేల కోట్లకు పైగా నక్షత్రాలున్నాయి.

ఇక అసలు అడ్డంకి. సౌరకుటుంబం దాటిపోతున్న వాయేజర్ 1 వ్యోమనౌక సెకనుకు 17 కి.మీ. వేగంతో పోతోంది. కాంతి వేగాన్ని 17తో భాగిస్తే 17,600. దాన్ని 4.24తో గుణిస్తే ప్రాక్సిమా దూరానికి దాదాపు 75,000 ఏళ్లు. సూర్యుణ్ని పరిశీలించే పార్కర్ సోలార్ ప్రోబ్ నౌక 2024 డిసెంబరు 24న సూర్యుడి పక్కనుంచి సెకనుకు 192 కి.మీ. వేగంతో పోయింది. అది సూర్యుడి ఆకర్షణలోకి పడుతూ తెచ్చుకున్న వేగం, బయటికి వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేయాల్సిందే.

రాకెట్ సమీకరణం సులువే. కావలసిన వేగాన్ని ఎగ్జాస్ట్ వేగంతో, అంటే ఇంజిన్ వెనక్కి చిమ్మే వాయువు వేగంతో భాగించి, ఆ అంకెకు ఘాతాంకం తీస్తే, అంటే 2.718ను ఆ అంకె ఘాతానికి హెచ్చిస్తే, మొదటి బరువు చివరి బరువుకు ఎన్ని రెట్లుండాలో వస్తుంది. శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో ఉన్న సీఈ-20 ఇంజిన్ ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ మండించి సెకనుకు 4.3 కి.మీ. ఎగ్జాస్ట్ వేగం ఇస్తుంది. రసాయన ఇంధనాల్లో ఇంతకన్నా పెద్దగా రాదు. కాంతి వేగంలో ఒక్క శాతం, అంటే 3,000 కి.మీ. కావాలంటే 3,000ను 4.3తో భాగించి ఘాతాంకం తీయాలి. వచ్చే అంకె ఒకటి పక్కన 300కు పైగా సున్నాలు. కనిపించే విశ్వం మొత్తంలో ఉన్న పరమాణువులే ఒకటి పక్కన 80 సున్నాల చుట్టూ. దశలు పెంచితే లాభం ఉంటుందనుకుంటారు. దశలు ఖాళీ ట్యాంకుల బరువు వదిలించుకోవడానికే పనికొస్తాయి, ఈ నిష్పత్తి నుంచి తప్పించవు.

ఆదర్శమైన నౌక దొరికిందనే అనుకుందాం: పదార్థం, దాన్ని తాకగానే రెండూ పూర్తిగా శక్తిగా మారిపోయే ప్రతిపదార్థం కలిపి, వచ్చిన శక్తినంతా కాంతిగా వెనక్కి చిమ్మే నౌక. సగం దారి భూమి ఆకర్షణకు సమానమైన త్వరణంతో వేగం పెంచుతుంది, సగం దగ్గర వెనుదిరిగి అదే త్వరణంతో తగ్గించుకుంటుంది. లోపల ఉన్నవాళ్లకు నేల మీద నిలబడినట్టే ఉంటుంది. దూరంలో సగాన్ని కాంతి సంవత్సరాల్లో తీసుకుని 1.03తో గుణించి 1 కలపండి. దీన్ని "గ" అందాం. ప్రాక్సిమాకు గ = 1 + 1.03 × 2.12 = 3.18. దాని వర్గం నుంచి 1 తీసేసి వర్గమూలం కడితే 3.02. ఈ రెండంకెలతో అన్నీ వచ్చేస్తాయి. 3.02ను 1.94తో గుణిస్తే 5.9 ఏళ్లు, భూమి మీద గడిచే కాలం. రెండూ కూడితే 6.2, దాని సహజ లాగరిథం 1.826, దాన్ని 1.94తో గుణిస్తే 3.5 ఏళ్లు, నౌకలో గడిచే కాలం. 3.02ను 3.18తో భాగిస్తే 0.95, సగం దారిలో ఉండే గరిష్ఠ వేగం. 6.2ను వర్గం చేస్తే 38.5, బయల్దేరే బరువు చేరే బరువుకు ఎన్ని రెట్లో అది. క్యాలిక్యులేటర్‌లో సహజ లాగరిథం బటన్ నొక్కాలి. పక్కనున్న మామూలు లాగ్ నొక్కితే 0.79 వచ్చి, ప్రయాణం ఏడాదిన్నరే అనిపిస్తుంది.

ఇదే సూత్రంలో పాలపుంత కేంద్రానికి 26,000 కాంతి సంవత్సరాలు వేసి చూడండి. నౌకలో 20 ఏళ్లే. భూమి మీద 26,000 ఏళ్లు. చదివినవాళ్లంతా ఈ 20 ఏళ్ల దగ్గరే ఆగిపోతారు. బరువు నిష్పత్తి కూడా వేయాలి: 72 కోట్లు. కిలో సామాను దించడానికి 72 కోట్ల కిలోలతో బయల్దేరాలి, అందులో సగం ప్రతిపదార్థం. ప్రాక్సిమాకయినా, ఒక టన్ను దించాలంటే 37.5 టన్నుల ఇంధనం. అందులో శక్తి ప్రపంచం మొత్తం ఐదేళ్లకు పైగా వాడుకునే శక్తికి సమానం. ఇప్పటిదాకా ప్రయోగశాలల్లో తయారైన ప్రతిపదార్థమంతా పోగేసినా ఒక మైక్రోగ్రాము కాదు.

ఇంధనం దొరికినా దారి ఊరుకోదు. నక్షత్రాల మధ్య ఘన సెంటీమీటరుకు 0.1 హైడ్రోజన్ పరమాణువు ఉందనుకున్నా, 0.95 వేగంలో నౌక ముందుభాగం మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ సెకనుకు 900 కోట్ల ప్రోటాన్లు పడతాయి, ఒక్కోటి 2 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో. కవచం లేకుండా ఎదురుగా నిలబడిన మనిషికి కొన్ని సెకన్లలో ప్రాణాంతకమైన మోతాదు అది. కాంతి వేగంలో అయిదో వంతుతో పోయినా, ఒక మిల్లీగ్రాము దుమ్ము తగిలితే దాదాపు 440 కిలోల టీఎన్‌టీ పేలినంత.

ఇంధనం మోసుకెళ్లడం మానేసి, ఇక్కడి నుంచే లేజర్‌తో తెరచాపను నెట్టాలన్నది నాకు అన్నిటికన్నా నిజాయితీ గల ఆలోచనగా కనిపిస్తుంది. 2016లో ప్రకటించిన బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ ప్రతిపాదన అదే: గ్రాముల బరువున్న పరికరం, 100 గిగావాట్ల లేజర్, కాంతి వేగంలో 20 శాతం, 20 ఏళ్ల ప్రయాణం. అద్దంలాంటి తెర మీద కాంతి నెట్టే బలం, లేజర్ శక్తిని రెండింతలు చేసి కాంతి వేగంతో భాగిస్తే వస్తుంది. 100 గిగావాట్లకు 667 న్యూటన్లు. ఒక పెద్దమనిషి బరువంత! అందుకే పరికరం గ్రాముల్లో ఉండాలి. కష్టాలు అక్కడితో ఆగవు. తెర లక్షలో ఒక వంతు కాంతిని పీల్చుకున్నా దాని మీద పది లక్షల వాట్ల వేడి. అక్కడికి చేరాక ఆగే మార్గం లేదు. గ్రాముల పరికరం 4 కాంతి సంవత్సరాల అవతల నుంచి మనకు వినబడేంత సంకేతం పంపాలి. నౌక చుట్టూ ఉన్న స్థలాన్నే వంచి కాంతిని మించి పోవాలనే వార్ప్ డ్రైవ్ సంగతి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: 1994 నాటి అల్క్యుబియరె గణితం సమీకరణాల్లో పొసగుతుంది, దానికి కావలసిన రుణ శక్తిని ఆ మోతాదులో ఎవరూ చూడలేదు.

చివరి ప్రశ్న, గడియారం నెమ్మదించడం రుజువైందా అన్నది. రోజూ మన నెత్తిమీదే రుజువవుతోంది. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు 15 కి.మీ. చుట్టూ ఎత్తులో గాలిని ఢీకొన్నప్పుడు మ్యువాన్లు, అంటే ఎలక్ట్రాన్ లాంటివే అయినా దానికన్నా బరువైన, త్వరగా క్షయమయ్యే కణాలు పుడతాయి. నిలకడగా ఉంచితే మ్యువాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో పోయినా ఆలోగా దాటేది 660 మీటర్లు. తిరుమలకూ తిరుపతికీ ఎత్తు తేడా ఏడెనిమిది వందల మీటర్లు. గడియారం నెమ్మదించకపోతే, తిరుమల ఎత్తు దాటిన మ్యువాన్లలో మూడో వంతే తిరుపతి నేలను చేరాలి. కాలం 16 రెట్లు నెమ్మదించిన మ్యువాన్లలో నూటికి 90కి పైగా కిందికి దిగుతాయి. భౌతిక శాస్త్రవేత్తలు రోసీ, హాల్ అమెరికా కొండల్లో ఇలాంటి కొలతే చేసి 1941లో ప్రచురించారు.

మీ కాలేజీ ల్యాబ్‌లో దీన్ని చేసి చూడొచ్చు. కావలసినవి 5 × 5 × 1 సెంటీమీటర్ల ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం దూసుకుపోతే మెరిసే ప్లాస్టిక్) పలకలు రెండు, ఒక్కోదానికి ఆ మెరుపును పట్టే సెన్సర్‌గా 6 మిల్లీమీటర్ల సిలికాన్ ఫోటోమల్టిప్లయర్, దానికి 30 వోల్టుల లోపు స్థిరమైన సరఫరా, లెక్కించడానికి ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి. పలకకు తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టి, సెన్సర్ ఆనేచోట ఆప్టికల్ జెల్ రాసి, మొత్తం నల్ల టేపుతో రెండు మూడు పొరలు మూసేయాలి. టార్చి వేసి చూడండి. లెక్క పెరిగితే ఎక్కడో వెలుతురు దూరుతున్నట్టే. రెండు పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింట్లోనూ ఒకేసారి మెరుపు వచ్చినప్పుడే లెక్కించాలి, లేకపోతే సెన్సర్‌లో వేడికి పుట్టే దొంగ లెక్కలు కలిసిపోతాయి. నిమిషానికి 15 వచ్చిందనుకుంటే గంటకు 900, దాని వర్గమూలం 30, అంటే 3.3 శాతం అనిశ్చితి. ఒక్క శాతానికి రావాలంటే 10,000 లెక్కలు కావాలి, ఒక్కో చోట 11 గంటలు పెట్టాలి.

అలిపిరి తనిఖీ దగ్గర వైర్లున్న ఇలాంటి పెట్టెను పైకి పోనివ్వకపోవచ్చు, ముందుగా అనుమతి అడగడం మంచిది. అది కుదరకపోతే మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ జత వాడుకోండి. 695 మీటర్ల నుంచి 1,265 మీటర్లకు 570 మీటర్ల తేడా. కాలం నెమ్మదించకపోతే కింద 42 శాతమే మిగలాలి.

ఈ కొలతను పాడుచేసేవి మూడు. సెన్సర్ వేడెక్కితే సంకేతం చిన్నదవుతుంది. కింద ఎండలో, కొండ మీద చల్లగాలిలో కొలిస్తే మ్యువాన్ల తేడాకు ఉష్ణోగ్రత తేడా కలిసిపోతుంది, కాబట్టి రెండు చోట్లా రాత్రిపూట, పెట్టె లోపలి ఉష్ణోగ్రత నమోదు చేస్తూ కొలవండి. గాలి పీడనం పెరిగితే లెక్క తగ్గుతుంది, అందువల్ల పీడనం కూడా రాసుకోవాలి, వాయుగుండం ఉన్న రోజులు వదిలేయాలి. మధ్యలో ఉన్న గాలి మ్యువాన్ శక్తిలో 150 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా తినేస్తుంది, నెమ్మది మ్యువాన్లు క్షయం వల్ల కాకుండా అలా ఆగిపోతాయి. కాబట్టి కింద వచ్చే లెక్క సిద్ధాంతం చెప్పినదానికన్నా కొంచెం తక్కువగా ఉంటుంది. కొండ మీద కొలిచేటప్పుడు పలకల మీద ఆ గాలి తినేసినంత శక్తినే తినేసేంత మందంలో సీసపు దిమ్మలు పేర్చితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. 5 సెంటీమీటర్ల పలకకు అన్ని వైపులా దాటేలా పేర్చాలి, లేకపోతే ఏటవాలుగా వచ్చేవి సీసాన్ని తప్పించుకుని దూరతాయి.